మా వదిన చూడకుండా కొన్న కారు

ఆదిలాబాద్‌కు జనం జలపాతాలు చూడ్డానికి పోతారు. లేదంటే పత్తి బేరానికి పోతారు. నేనూ మా వదినా మాత్రం ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన కారును దింపుకోవడానికి పోయాం. అదీ ఇద్దరిలో ఎవరమూ ఒక్కసారి కూడా కంటితో చూడని కారు.

వదినంటే మా ఆయన మల్లేశంకు అక్క, సుగుణ. బొగ్గుబావుల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. సర్వీసులో సగం అంబులెన్సు వెనక భాగంలోనే గడిచింది. గోదావరిఖని నుంచి రోగిని పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే సెలైన్ సీసా పట్టుకుని, వెనక తలుపు అద్దంలోంచి వెనక్కి పారిపోయే రోడ్డును చూస్తూ కూర్చునేది. చుట్టాల కార్లలోనూ ఆమెకు వెనక సీటే, స్టీలు డబ్బాల మధ్య. రిటైరయ్యాక నా దగ్గరికొచ్చి డ్రైవింగ్ నేర్చుకుంది. కరీంనగర్‌లో ఆడవాళ్లకు కారు నేర్పే చిన్న స్కూలు నాది. లైసెన్సు చేతికొచ్చిన రోజే ఆమె నాతో అన్నది:

"మరదలా, నాకో కారు గావాలె. కానీ దానికి వెనక సీటు ఉండొద్దు."

అట్లాంటి కార్లు ఉంటాయని ఫోనులో ఆమే కనిపెట్టింది. యాభై ఏళ్లు దాటిన స్పోర్ట్స్ కారు. ఇద్దరే కూర్చునేది, పైన గుడ్డ కప్పు. అమ్మే ముసలాయన ఇంగ్లండులో సముద్రం పక్కన ఒక ఊర్లో ఉంటాడు. వీడియో కాల్‌లో ఆయన చక్రాలు చూపిస్తే వదిన చూడలేదు, రంగు చూపిస్తే చూడలేదు. ఫోను ఇంజన్ పక్కన పెట్టమన్నది. కళ్లు మూసుకుని, రోగి ఛాతీ విన్నట్టు విన్నది. తర్వాత నావైపు తిరిగి, "జర గుర్రు ఉన్నది గానీ నిమోనియా లేదు, కొందాం" అన్నది.

గోదావరిఖనిలో ఉండే ఆమె భర్త, నాకు వరుసకు అన్నయ్య, అడ్డం చెప్పలేదు. "వెనక సీటు లేకుంటే మంచిదే. నన్ను రమ్మనవు" అన్నాడు. అడ్డం చెప్పింది తమ్ముడు, అంటే మా ఆయన. "ఫోటో చూసి పెండ్లి జేసుకునే రోజులే పోయినయ్, నువ్వు ఫోటో చూసి కారు కొంటవా అక్కా? అండ్ల ఇంజన్ ఉన్నదో ఇటుకలున్నయో ఎవనికెరుక?" అన్నాడు. ఆమె పైసలు పంపిన రోజు నుంచి అక్కతో మాట్లాడటం మానేశాడు. నెలలు గడిచాయి. చిన్నప్పుడు ఆమె చంకెక్కి తిరిగిన తమ్ముడు, ఆమె మా ఇంటికొస్తే లేచి పెరట్లోకి పోయేవాడు.

కారు బొంబాయిలో దిగింది. కాగితాల సంగతి రాయను. రాస్తే అదే ఒక పుస్తకం అవుతుంది. లారీ నాగపూర్ మీదుగా కరీంనగర్ రావాలి. వదిన లారీ డ్రైవరుకు ఫోన్ చేసి ఆదిలాబాద్‌లో దింపమన్నది. ఎందుకని అడిగాను.

"అది స్టార్ట్ గాకపోతే కరీంనగర్‌ల అందరు నవ్వుతరు. ఆదిలాబాద్‌ల మనల జూసి నవ్వెటోడు ఎవడున్నడు?"

బస్సులో

ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు కదా. అట్లా ఇంగ్లండు కారు తెచ్చుకోవడానికి జీరో టికెట్ మీద బయల్దేరాం. జగిత్యాల దాటాక మా పక్కన ఒకామె కూర్చుంది. మెట్‌పల్లి పోతుందట. ఆమె పలకరించడం ఆలస్యం, వదినకు చిలిపితనం పుట్టింది.

"ఏడికి పోతున్నరక్కా?"

"ఆదిలాబాద్. పిల్లగాని జూడవోతున్నం."

"మంచిగాయె. ఏం జేస్తడు పిల్లగాడు?"

"ఇన్నొద్దులు లండన్ దిక్కు ఉన్నడు. ఇప్పుడే వచ్చిండు. జర వయసు ఎక్కువ."

"ఎంతుంటది?"

"యాభై దాటినయ్."

ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో! పిల్ల ఎవ్వలు?"

"పిల్ల ఏంది, నాకే" అన్నది వదిన.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుకున్నాను. ఆమె దారంతా వదినను కిందికీ మీదికీ చూసింది. మెట్‌పల్లిలో దిగేముందు మాత్రం వదిన భుజం మీద చెయ్యి వేసి, "ఏమనుకోకు అక్కా. గీ వయసుల తోడుండాలె. జేస్కో" అని దీవించి దిగింది.

ఆదిలాబాద్

మాకు పొద్దున ఇడ్లీ, వడ. ఆదిలాబాద్‌లో పోహా. పసుప్పచ్చగా, పైన సన్న కారప్పూస, పక్కన కొరుక్కోవడానికి పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం జొన్నరొట్టె, పిట్ల. పిట్ల అంటే శనగపిండిని కారం కారంగా ఉడికించిన కూర. మేమూ ఇంట్లో జొన్నరొట్టె తింటాం గానీ ఇంత పెద్దది, ఇంత పలుచనిది చేయడం మాకు రాదు. వడ్డించే ఆమె మాట్లాడే తెలుగులో సగం మరాఠీ; అక్కను తాయీ అంటుంది, రొట్టెను భాక్రీ. "తాయీ, ఇంకో భాక్రీ ఏస్తునా?" అని అడిగి, జవాబు వినకుండానే వేసింది. ఇద్దరం కడుపు పగిలేలా తిన్నా వంద నోటులో చిల్లర మిగిలింది.

లారీ ఒక పత్తి మిల్లు దగ్గర ఆగి ఉంది. బేళ్లు ఎక్కించే అరుగు లారీ ఎత్తుకు సరిపోతుందని డ్రైవరు వామన్‌రావు అక్కడికి తెచ్చాడు. యవత్మాల్ మనిషి. మమ్మల్ని చూడగానే దండం పెట్టి, "గాడీ చిన్నది తాయీ, పరేశానీ పెద్దది. రస్తాల ఆపినకాడల్ల ఫోటోలే. నా పెండ్లికి గూడ గన్ని ఫోటోలు దియ్యలే" అన్నాడు.

మిల్లులో పనిచేసే ఆడవాళ్లు జుట్టు నిండా పత్తి పింజలతో బయటికొచ్చారు. వామన్‌రావు తాళ్లు విప్పి పరదా లాగాడు.

ఫోనులో ఎర్రగా కనిపించిన కారు ఎరుపు కాదు. మోదుగుపువ్వు రంగు. అచ్చం ఆ రోజుల్లో ఆదిలాబాద్ అడవి నిండా పూసి ఉన్న రంగే. అరుగు మీంచి వాలులో నేలకు దింపాక చూస్తే నా నడుము ఎత్తు కూడా లేదు. ఎడమ సీటు తోలు చిరిగింది. ఒక వైపు అద్దం లేదు. మిల్లు ఆడవాళ్లలో ఒక ముసలామె దాని చుట్టూ తిరిగి చూసి, వదినను చాలా గంభీరంగా అడిగింది.

"అవ్వా, గిది ఇంక పెరుగుతదా?"

వదిన నవ్వలేదు. ఆమెకు ఆ మాటే వినబడలేదు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి అట్లాగే నిలబడింది. తర్వాత తాళంచెవి తిప్పింది. చప్పుడు లేదు. మళ్లీ తిప్పింది. లేదు. ఇటుకలు, ఇటుకలు అని మా ఆయన గొంతు చెవిలో మోగింది. వదిన ముఖం మాత్రం వార్డులో ఉన్నట్టే ఉంది.

"బ్యాటరీ డౌన్ అయింది, గంతే. ఫికర్ జెయ్యకు. నూకుండ్రి" అన్నది.

మిల్లు ఆడవాళ్లంతా కొంగులు దోపి కారు వెనక చేరారు. నేనూ చేరాను. వామన్‌రావు "హో, హో" అని అదిలిస్తుంటే గేటు దాకా తోశాం. అక్కడ కారు ఒక్కసారి దగ్గి, వెనక గొట్టంలోంచి నల్లటి పొగ నా చీర మీద ఊది, పులిలా గర్జించింది. గేటు దగ్గర మేస్తున్న మేకలు రోడ్డు దాటి కనబడకుండా పోయాయి. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. వదిన ఇంజన్ ఆపకుండానే దిగి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"బతికే ఉన్నది మరదలా!"

అప్పుడేడ్చింది.

ఇచ్చోడ దాకా

కొత్త బ్యాటరీ వేయించుకుని మర్నాడు పొద్దున బయల్దేరాం. హైవే తిన్నగా ఉంటుంది గనక మొదట వదిన తోలాలి, నిర్మల్‌కు ముందు ఘాట్ రోడ్డు వస్తే నేను తీసుకోవాలి అని ఒప్పందం.

ఆ కారులో కూర్చుంటే లోకం వేరేగా కనబడుతుంది. లారీ పక్కన పోతే లారీ కనబడదు, టైరు నట్లు కనబడతాయి. బర్రెలు మనవైపు తలదించి చూస్తాయి. పైకప్పు లేదు గనక ఎండ, గాలి, పత్తి లారీల నుంచి ఎగిరొచ్చే దూది అన్నీ మన మీదే. ఇద్దరం ఊరికే నవ్వాం. ఒకరి మాట ఒకరికి వినబడక, వినబడనందుకు ఇంకా నవ్వాం. మోటారు సైకిళ్ల మీద పోయేవాళ్లు పక్కకు వచ్చి వదినను చూసి, మళ్లీ కారును చూసి, మళ్లీ వదినను చూసేవారు. నెరిసిన కొప్పు, నుదుట రూపాయంత బొట్టు, జరీ అంచు చీర, కింద ఇంగ్లండు కారు. వాళ్లనేం అనగలం!

ఇచ్చోడలో చాయ్ తాగుతుంటే ఒక పెద్దమనిషి కారు మొత్తం పరీక్షించి అడిగాడు. "మైలేజి ఎంతిస్తది?"

"ఇయ్యది. తీస్కుంటది" అన్నది వదిన.

ఘాట్ మీద

నేరడిగొండ దాటి ఘాట్ మొదలయ్యేచోట, పూలతో అలంకరించిన ఒక కారు రోడ్డు పక్కన బానెట్ ఎత్తుకుని పొగలు కక్కుతోంది. పక్కన తలపాగా, బాసింగం, మెడలో బంతిపూల దండతో ఒక పెళ్లికొడుకు. అతని తల్లి రోడ్డు మధ్యలోకి వచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టింది. వదిన గట్టిగా బ్రేకు తొక్కింది. బ్రేకులు పనిచేస్తాయని మాకు అప్పుడే తెలిసింది.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. ముహూర్తం దగ్గర పడ్డది. సుట్టాల బస్సు ముంగట వోయింది. రెండు కార్లు ఆపకుంటనే పోయినయ్. నా కొడుకును నిర్మల్ దాక దింపుండ్రి."

ఆమె పేరు గంగవ్వ, పెళ్లికొడుకు సంతోష్. కారులో సీట్లు రెండు. అంటే ఒకరు దిగాలి. నేను దిగి డ్రైవర్ సీటు వైపు నడిచాను. వదిన స్టీరింగ్ వదల్లేదు.

"వదినా, ఘాట్. నేను తోల్త."

"నా కారు. నేనే తోల్త. బిడ్డా, నువ్వు దిగి కూసో."

ఆ కారు ఎక్కేది కాదు, దిగేదే. సంతోష్ తలపాగా పట్టుకుని దిగి కూర్చున్నాడు.

"వదినా, మలుపులు మస్తుంటయ్!"

"మరదలా, ఎన్నేండ్లు రోగులను తీస్కవోయిన? గీ పిల్లగానికి ఏం రోగం లేదు గద."

"మీరు వెనక కూసున్నరు, తోల్లే!"

"గందుకే ఇయ్యాల తోల్త" అని ఆమె గేరు వేసింది. మోదుగుపువ్వు మొదటి మలుపు తిరిగి మాయమైంది.

నా దగ్గర నేర్చుకున్న మనిషి. ఆ పొద్దుటి దాకా నా స్కూలు కారును ఊరి బైపాస్ మీద తప్ప ఏదీ, ఎక్కడా తోలలేదు. ఎవరి కొడుకో, ఇంకో గంటలో పెళ్లి. ఆ బ్రేకులు ఒక్కసారే పరీక్షించాం. కాసేపటికి టమాటాల ట్రాలీ ఆటో ఒకటి ఆగితే గంగవ్వా నేనూ ఎక్కి డబ్బాల మీద కూర్చున్నాం. మలుపు వచ్చినప్పుడల్లా టమాటాలు మా ఒళ్లో పడ్డాయి. నేను లోయలోకే చూస్తున్నాను.

"ఆ అక్క మంచిగ తోలుతదా?" గంగవ్వ అడిగింది.

"నేనే నేర్పిన" అన్నాను.

మూడో మలుపు దగ్గర రోడ్డు మీద బంతిపూల రెక్కలు కనబడ్డాయి. తర్వాత ఇంకొన్ని. తర్వాత ఒక దండ ముక్క. గంగవ్వ నా చెయ్యి నలిపేసింది. ఆటో నడిపే మనిషి వెనక్కి తిరిగి నవ్వాడు. "ఏం గాలే అవ్వా. మీద కప్పు లేదు గద, గాలికి దండ ఊడివోతుంది." నిజమే. ఘాట్ దిగేదాకా ఆ రెక్కలు రోడ్డు అంచున దారి చూపిస్తూనే ఉన్నాయి. ఒక్క చోట కూడా అవి రోడ్డు దిగిపోలేదు.

నిర్మల్

నిర్మల్‌లో ఫంక్షన్ హాలు వీధి మలుపులోనే బ్యాండు వినబడింది. ముందు బ్యాండు, దాని వెనక ఎగురుతున్న పిల్లలు, పెద్దలు. మధ్యలో మా కారు మనిషి నడక కంటే మెల్లగా వస్తోంది. సంతోష్ సీటు వెన్ను మీద కూర్చుని రాజులా చేయి ఊపుతున్నాడు. అతని మెడలో దండకు దారం మాత్రమే మిగిలింది. బ్యాండు మాస్టరు నల్లకళ్లద్దాలు మా వదిన కళ్లకున్నాయి. బానెట్ సందుల్లోంచి ఆవిరి పొగమంచులా లేస్తోంది. జనం దాన్ని కూడా పెళ్లి హంగామాలో భాగమే అనుకున్నట్టున్నారు.

"మరదలా! హారన్ మోగుతలేదు. బ్యాండు వెట్టుకున్నం!" అని వదిన అరిచింది.

గంగవ్వ పరుగెత్తి పోయి, కొడుకును కాదు, వదినను కౌగలించుకుంది. సంతోష్ నాతో, "గీ అత్తమ్మకు బయమే లేదు. ప్రతి మలుపు కాడ 'ఊపిరి పీల్చు, ఊపిరి ఇడువు' అన్నది. నాకు అంటుందనుకున్న. కారుకట" అన్నాడు.

వంటవాళ్ల డ్రమ్ములోంచి నీళ్లు తెచ్చి ఇంజనుకు పోసి చల్లార్చాం. వాళ్లు మమ్మల్ని తాళి కట్టేదాకా, అన్నం తినేదాకా వదల్లేదు. మా వైపు పెళ్లి భోజనంలో చివర పెరుగుతో లేస్తాం. అక్కడ పెరుగయ్యాక కూడా వేడి జిలేబీ తెచ్చి వేశారు. పెళ్లికూతురి నానమ్మ వదినకు చీర పెట్టి, లడ్డూల డబ్బా ఒకటి కారులో పెట్టబోయింది. పెట్టడానికి చోటు లేదు. నా ఒళ్లో పెట్టింది.

మెట్‌పల్లి పసుపు

గోదావరి వంతెన దాటి మెట్‌పల్లి దిక్కు తిరిగామో లేదో, కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. గుడ్డ కప్పు లాగాం. ఊచలు తుప్పు పట్టి సగంలో ఆగాయి. ఇంకా లాగితే చిరిగింది. నిర్మల్ దాటాక నేను తోలుతుంటే, వదిన డబ్బాను తన ఒళ్లోకి తీసుకుని, నా మీద, లడ్డూల మీద మార్చి మార్చి గొడుగు పట్టింది.

మెట్‌పల్లి పొలిమేరలో ఒక కల్లంలో కుటుంబమంతా ఆరబోసిన పసుపు మీద కవర్లు కప్పుతూ ఉరుకుతున్నారు. మేమూ కారాపి దిగి నాలుగు కొసలు పట్టాం. ఆ ఇంటావిడ రాజవ్వ. పసుపు కప్పడం అయ్యాక ఆమే ఒక కవరు తెచ్చి మా కారు మీద కప్పింది. "తడిసిపోయిండ్రు, లోపలికి రాండ్రి" అని మమ్మల్ని ఇంట్లోకి లాగింది. రాత్రికి అక్కడే ఉన్నాం. ఉడికించిన పసుపు వాసన నిద్రలో కూడా వదల్లేదు.

పొద్దున రాజవ్వ కారును తీరిగ్గా చూసింది.

"ఇద్దరే కూసుంటరా? మరి పిల్లలను యాడ కూసోవెడ్తరు?"

"ఇంటికాడ" అన్నది వదిన.

రాజవ్వ క్షణం ఆలోచించి, కోడలిని కేకేసి పిలిచి, "గీ మాట ఇను" అన్నది. ముగ్గురూ నవ్వుతూనే ఉన్నారు. ఆ కవరు మాకే ఇచ్చేసింది. దాని దుమ్ముతో సీట్లు, మా చీరలు, వదిన కొప్పు, అన్నీ పసుపురంగుకు తిరిగాయి.

ధర్మపురి

కొత్త బండి కొంటే పూజ చేయించాలి కదా. ధర్మపురి పోయాం. గోదావరిలో కాళ్లు కడుక్కుని వచ్చేసరికి నరసింహస్వామి గుడి ముందు మా కారు చుట్టూ తిరునాళ్లయింది. అయ్యగారు కొబ్బరికాయతో వచ్చి ఆగిపోయారు.

"కొత్తబండి అన్నరు గదమ్మా? ఇది నాకన్న పెద్దది."

"పెద్దోళ్లకు దండం పెట్టమా అయ్యగారూ?" అన్నది వదిన.

ఆయన నవ్వి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మంత్రం కాస్త పొడిగించే చదివారు. వయసుకు ఇచ్చే గౌరవం అనుకుంటాను.

ఇల్లు

కరీంనగర్ దగ్గర పడుతుంటే వదిన మాటలు తగ్గాయి. నవ్వు కూడా ఆగింది. మా వీధి మొదట్లో కారు ఆపి అడిగింది.

"తమ్ముడు ఇంట్ల ఉంటడా?"

"ఉంటడు."

"పెరట్లకు పోతడేమో."

రెండు రోజులు ఘాట్‌కు, వానకు, లారీలకు భయపడని మనిషి అరచేతులు చీరకు తుడుచుకుంది.

చప్పుడు విని వీధంతా బయటికొచ్చింది. మా ఆయన కూడా గేటు దాకా వచ్చాడు, లుంగీ మీదే. కారును చూశాడు. పసుపు కొప్పుతో స్టీరింగ్ వెనక కూర్చున్న అక్కను చూశాడు. దగ్గరికి వచ్చి చుట్టూ తిరిగాడు. చిరిగిన సీటు చూశాడు, లేని అద్దం చూశాడు. వంగి బానెట్ మీద చెవి పెట్టాడు. వదిన ఇంజన్ ఆపలేదు. చివరికి ఆయనే అన్నాడు.

"జర గుర్రు ఉన్నదక్కా."

"ఉన్నది. నిమోనియా లేదు" అన్నది వదిన.

నేను గబగబా దిగేశాను. మా ఆయన లావు మనిషి. ముందు ఒక కాలు పెట్టి, తీసి, వెనక్కి తిరిగి కూలబడి, రెండో కాలు చేత్తో పట్టి లోపలికి లాక్కున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. వీధి పిల్లలు ఈలలు వేశారు. "ఒక్క చక్కరేసి వస్తం" అన్నది వదిన.

స్నానం చేశాను. అన్నం వండాను. చీకటి పడుతుండగా ఫోన్ మోగింది. గాలి చప్పుడు, దాని వెనక మా ఆయన నవ్వు. ఆయన అట్లా నవ్వగా నేను వినలేదు.

"మరదలా, అన్నం వండకు. సిరిసిల్లల ఆగినం, మిర్చీలు తింటున్నం" అన్నది వదిన. "ఇగో, తమ్ముడు అడుగుతుండు. వేములవాడ గూడ పోయి రావాల్నా అని."

"పోయి రాండ్రి" అన్నాను.

ఫోను పెట్టేసి, లడ్డూల డబ్బా మూత తీసి గుమ్మంలో కూర్చున్నాను. పక్కింటి లలితమ్మ గోడ మీదుగా, "మీ ఆయన ఏడి?" అని అడిగింది. "వాళ్లక్క తీస్కవోయింది" అని చెప్పి, ఆమెకూ ఒక లడ్డూ ఇచ్చాను.